థీసిస్ గైడ్‌తో పని చేయించుకోవడం ఎలా?

మెడికల్ పీజీలో చేరిన కొత్తలో ఒకరోజు డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు. ఎడమ పక్క మీ పేరు, కుడి పక్క గైడ్ పేరు. జాతకాలు చూసేది లేదు, పెళ్ళిచూపులు లేవు, మూడేళ్ళ కాపురం మాత్రం ఖాయం. ఆ తర్వాత చాలామందికి జరిగేది దాదాపు ఒకటే కథ. సినాప్సిస్ (ఏం పరిశోధిస్తామో ముందే రాసిచ్చే పథకం) గడువు తరుముకొస్తుంది కాబట్టి సీనియర్ దగ్గర పాతది ఒకటి తీసుకుని ఊరి పేరు, సంవత్సరం మార్చి సంతకం పెట్టించుకోవడం, రెండేళ్ళు డ్యూటీల్లో కొట్టుకుపోవడం, థీసిస్ సబ్మిషన్ నెత్తి మీదకి వచ్చాక రాత్రుళ్ళు కూర్చుని రోగుల వివరాలన్నీ ఉండే మాస్టర్ చార్ట్ నింపడం.

నేనూ అలాగే మొదలుపెట్టాను. జనరల్ మెడిసిన్‌లో పీజీ చేసి ఇప్పుడు ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో నేనే గైడ్‌గా సంతకాలు పెడుతున్నాను కాబట్టి రెండు వైపుల సంగతీ తెలుసు. గైడ్‌లలో చాలామందికి చెప్పడం ఇష్టం లేక కాదు. మనం ఖాళీ చేతులతో వెళ్ళి "సార్, థీసిస్..." అని నిలబడితే ఏం చెప్పాలో వాళ్ళకీ తోచదు, "ఆ, చెయ్యి చెయ్యి" అని రౌండ్స్‌కి వెళ్ళిపోతారు. ఆయన ముందు ఒక కాగితం పెడితే మాత్రం పెన్ను తీయకుండా ఉండలేరు. ఎంత బిజీ ప్రొఫెసర్ అయినా తప్పు కనిపిస్తే దిద్దకుండా ఊరుకోలేరు, అది మాస్టార్ల జబ్బు. ఆ జబ్బుని వాడుకోవడమే మీ పని.

ఒక్క గైడ్ సరిపోరు

కాగితం మీద గైడ్ ఒక్కరే. పని జరగాలంటే ముగ్గురు కావాలి. మొదటివారు మీకు కేటాయించిన గైడ్: సబ్జెక్టు తెలిసినవారు, సంతకం పెట్టేవారు, ల్యాబ్‌తో గొడవ వస్తే ఫోన్ చేసేవారు. రెండోవారు లెక్కలు తెలిసిన మనిషి. మన కాలేజీల్లో ఈ పాత్ర సాధారణంగా కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరిది, కొన్నిచోట్ల స్టాటిస్టీషియన్ పోస్టు కూడా ఉంటుంది. ఈయన దగ్గరికి అందరూ డేటా అంతా అయిపోయాక పెన్ డ్రైవ్ పట్టుకుని పరిగెడతారు, అప్పటికి ఆయన చేయగలిగింది సంతాపం తెలపడమే. సినాప్సిస్ రాయకముందే కలవండి. మూడోవారు మీకంటే రెండు మూడేళ్ళు ముందున్న అన్నో అక్కో, ఇటీవలే ఇదంతా దాటినవాళ్ళు. రోగుల మీద పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఆఫీసులో ఫైలు ఎవరి చేతికివ్వాలి, ఎన్ని కాపీలు, ఏ ఫారం వదిలేస్తే వెనక్కి పంపుతారు లాంటివి ప్రొఫెసర్‌కి తెలియవు, ఈ అక్కకి తెలుసు.

గైడ్‌ని మార్చుకోవడం కష్టం గానీ కో-గైడ్‌ని, అంటే ఆయనకి తోడుగా ఉండే అదనపు గైడ్‌ని, ఎంచుకోవడం చాలావరకు మీ చేతుల్లోనే ఉంటుంది. ఎంచుకునే ముందు ఆయన దగ్గర థీసిస్ చేసినవాళ్ళని ఇద్దరిని అడగండి: డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకి తిరిగొచ్చింది, పేపర్ రాస్తే మొదటి పేరు ఎవరిది, తప్పు జరిగినప్పుడు ఎలా మాట్లాడారు. పేరున్న పెద్దాయన కంటే డ్రాఫ్ట్‌ని వారంలో ఎర్ర గీతలతో తిరిగిచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్ మీకు పదింతలు ఉపయోగం. ఇది నా అభిప్రాయం, పెద్దాయనలకి చెప్పకండి.

అసలు ఏ గైడ్ దగ్గరికీ వెళ్ళకముందే ఒక పని ముగించండి. చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్, అందరూ బీసీబీఆర్ అని పిలిచేది, పీజీలకి ఎలాగూ తప్పదు. ఎలాగూ తప్పనిదాన్ని సర్టిఫికెట్ కోసం చివర్లో కాకుండా సినాప్సిస్ రాసే ముందు చేస్తే కేస్ కంట్రోల్, కోహార్ట్ లాంటి స్టడీ పద్ధతులు అంటే ఏంటో గైడ్ చేత మళ్ళీ చెప్పించుకోవాల్సిన అవసరం ఉండదు. ఆయనిచ్చే పది నిమిషాలు వేరే వాటికి మిగులుతాయి.

టాపిక్ కాదు, ప్రశ్న

గైడ్ మొదటి మీటింగ్‌లో "హార్ట్ ఫెయిల్యూర్‌లో ఏదైనా చెయ్యి" అంటారు. అది టాపిక్. దాన్ని ప్రశ్నగా మార్చి తీసుకెళ్ళాల్సింది మనం. నేను మొదట రాసుకెళ్ళింది "హార్ట్ ఫెయిల్యూర్ రోగులలో రక్తహీనత పాత్ర: ఒక అధ్యయనం". మా సార్ దాన్ని చూసి అడిగింది ఒక్కటే: "పాత్ర అంటే ఏంటయ్యా, నాటకమా?" రెండు వారాలు తిప్పలు పడ్డాక అది ఇలా తయారైంది: హార్ట్ ఫెయిల్యూర్‌తో మా వార్డులో చేరే పెద్దవాళ్ళలో ఐరన్ లోపం ఎంతమందికి ఉంది? ఐరన్ లోపం అంటే ఏంటో కూడా ముందే రాసుకున్నాం: ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) 100 కంటే తక్కువ, లేదా 100 నుంచి 299 మధ్య ఉండి ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో తిరిగే ఐరన్ కొలత) 20 శాతం కంటే తక్కువ. ఎవరిలో, దేన్ని, ఎలా కొలుస్తాం అన్నది ఒక వాక్యంలో పట్టిందంటే సగం సినాప్సిస్ అయిపోయినట్టే.

ప్రశ్న చిన్నదైపోయిందని బాధపడొద్దు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వి. రామలింగస్వామి గారు 1956లో హిమాలయాల్లోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన పని చూడండి. ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడదీసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి, కొన్నేళ్ళ తర్వాత గొంతువాపు ఎంతమందిలో తగ్గిందో చూశారు. అడిగింది అంతే. మీ ఇంట్లో ఇప్పుడు వాడుతున్న ఉప్పు ప్యాకెట్ మీద అయొడైజ్డ్ అని ఉండడానికి దారి వేసిన పనుల్లో అదొకటి.

ప్రశ్న కుదిరాక రిజిస్టర్ దగ్గరికి వెళ్ళండి. దీన్ని ఎవరూ చేయరు, అందరూ అంచనా మీద "మనకి బోలెడు కేసులొస్తాయి" అంటారు. నేను రెండు వారాల అడ్మిషన్ రిజిస్టర్ తిరగేస్తే తేలింది 9 కేసులు. అంటే నెలకి 18. కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళని తీసేస్తే 13. అందులో కొందరు ఒప్పుకోరు, కొందరిని మొదటి రాత్రే వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతారు, కొందరు చనిపోతారు. నికరంగా నెలకి 8 మంది అనుకున్నాం.

ఇప్పుడు శాంపిల్ సైజ్, అంటే మొత్తం ఎంతమంది రోగులు కావాలన్నది. 4పీక్యూ బై డీ స్క్వేర్ అని ఎంబీబీఎస్‌లో బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఐరన్ లోపం దాదాపు సగం మందికి ఉంటుందనుకుంటే పీ 50, మిగతా సగం క్యూ 50. డీ అంటే జవాబులో అటూ ఇటూ మీరు ఒప్పుకునే తేడా, శాతంలో. 5 పెడితే 10,000ని 25తో భాగించి 400 మంది కావాలి, 10 పెడితే 100తో భాగించి 100 మంది చాలు. తేడాని సగం చేస్తే మనుషులు నాలుగింతలు కావాలి, అదే ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది. నెలకి 8 మంది చొప్పున 400 మందిని చేర్చాలంటే నాలుగేళ్ళు దాటుతుంది, నా కోర్సే మూడేళ్ళు. అందుకే 10 పెట్టి, మధ్యలో పోయేవాళ్ళకి కొంత కలిపి 112కి కుదిర్చాం, 14 నెలలు. ఈ లెక్క ఉన్న కాగితం చూశాకే మా సార్ మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

ఆ వాట్సాప్ మెసేజ్

ఇప్పుడు నాకు పీజీల నుంచి వచ్చే మెసేజ్ ఇది: "గుడ్ మార్నింగ్ సార్. థీసిస్ గురించి మాట్లాడాలి సార్. ఎప్పుడు ఫ్రీగా ఉంటారు సార్?" మూడు వాక్యాలు, మూడు సార్లు, సమాచారం సున్నా. ఫ్రీగా ఎప్పుడూ ఉండను. దీనికి జవాబివ్వడం రేపటికి వాయిదా పడుతుంది, ఆ రేపు రాదు.

అదే ఇలా వస్తే చూడండి: "సార్, నమస్తే. ఒక్క విషయం మీరు తేల్చాలి. కిడ్నీ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళని కలుపుకోవాలా, వదిలేయాలా? కలుపుకుంటే నెలకి 18 మంది, వదిలేస్తే 13. ఫెరిటిన్ వాళ్ళలో ఇతర కారణాలకి కూడా పెరుగుతుంది కాబట్టి వదిలేయడమే మంచిదని నాకనిపిస్తోంది. రేపు ఓపీ అయ్యాక 10 నిమిషాలు వస్తాను సార్." దీనికి నేను నడుస్తూనే జవాబిస్తాను. ప్రశ్న ఒక్కటే, దాని చుట్టూ అంకెలున్నాయి, మీ అభిప్రాయం ఉంది, సమయం మీరే చెప్పారు.

కలిసిన తర్వాత అదే సాయంత్రం నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి: ఏం తేల్చాం, ఎవరు ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు. వాట్సాప్ కాదు, మెయిల్, వాట్సాప్‌లో అది గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పూడిపోతుంది. ఆరు నెలల తర్వాత "నేను అలా చెప్పలేదే" అన్నప్పుడు ఈ మెయిలే మిమ్మల్ని కాపాడుతుంది, వాదించడానికి కాదు గానీ ఇద్దరూ నిజంగానే మర్చిపోతారు కాబట్టి. కలిసేది రెండు వారాలకోసారి, ఒకే రోజు, ఒకే సమయం. పోస్ట్ డ్యూటీ రోజు, అంటే రాత్రి డ్యూటీ చేసిన మర్నాడు, పెట్టుకోకండి, సార్ మాట్లాడుతుంటే మీరు కునుకు తీస్తారు. నేను తీశాను.

ఎథిక్స్ కమిటీ, మన తెలుగు

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క రోగిని కూడా చేర్చకూడదు, "తర్వాత తీసుకుందాంలే" అనేది కుదరదు. మందు ఇచ్చి చూసే స్టడీ అయితే సీటీఆర్ఐలో (దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) రిజిస్ట్రేషన్ కూడా ముందే కావాలి, 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగి చేరాక చేసే రిజిస్ట్రేషన్‌ని వాళ్ళు తీసుకోవడం లేదు. అక్కడి నుంచి ప్రశ్నలు వెనక్కి వస్తాయి, జవాబు రాయాలి, మళ్ళీ పంపాలి, దానికీ క్యాలెండర్‌లో చోటు ఉంచుకోండి. కమిటీ నెలకో రెండు మూడు నెలలకో కూర్చుంటుంది. ఒక మీటింగ్ తప్పితే ఒక సీజన్ పోయినట్టే.

కమిటీలో డాక్టర్లే ఉండరు. లాయర్ ఉంటారు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉంటారు. ఆ మామూలు మనిషి చదివేది మీ తెలుగు సమ్మతి పత్రమే, చాలామంది అక్కడే దొరికిపోతారు. మన పత్రాల్లో ఉండే తెలుగు ఇలా ఉంటుంది: "సదరు అధ్యయనములో స్వచ్ఛందముగా పాల్గొనుటకు నా యొక్క సంపూర్ణ సమ్మతిని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను." ఇది రోగి బంధువుకి కోర్టు సమన్లలా కనిపిస్తుంది, భయపడి సంతకం పెడతాడు. భయపడి పెట్టేది సమ్మతి కాదు.

ఇలా రాయండి: "మీ చేతి నుంచి ఒక్కసారి 5 మిల్లీలీటర్ల రక్తం, అంటే ఒక చెంచాడు, తీసుకుంటాం. దీనికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. మీకు ఇష్టం లేకపోతే వద్దనండి. వద్దన్నారని మీ వైద్యంలో ఏ తేడా రాదు. ఒప్పుకున్నాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు." రాండమైజేషన్ ఉంటే "ఎవరికి ఏ మందో డాక్టర్ ఎంచుకోరు, చీటీలు తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది" అనండి. రాసిన తర్వాత వార్డు ఆయమ్మకి చదివి వినిపించి, "ఏం అర్థమైందమ్మా" అని అడగండి. ఆమె తిరిగి చెప్పలేకపోతే పత్రం మార్చాలి. చదువు రాని రోగి వేలిముద్ర వేసేటప్పుడు మీ టీమ్‌కి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి, ఇంటర్నీని సాక్షిగా పెట్టేసే అలవాటు వదిలేయండి.

మొదటి పది ప్రోఫార్మాలు

ఇది నా సొంత తలనొప్పి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ప్రోఫార్మా అంటే ఒక్కో రోగి వివరాలు నింపే ఫారం. నేను 40 మందిని చేర్చేదాకా ప్రోఫార్మాలు ఎవరికీ చూపించలేదు. అంతా బాగానే ఉందనుకున్నాను, సార్ అడగలేదు, నేను చెప్పలేదు. ఒకరోజు బయోకెమిస్ట్రీలో ఉన్న కో-గైడ్ మేడమ్ రిజల్ట్స్ చూస్తూ ఒక దగ్గర వేలు పెట్టి ఆగారు. హీమోగ్లోబిన్ 6, శాచురేషన్ మాత్రం చాలా ఎక్కువ. "ఏం బాబూ, ఈ శాంపిల్ రక్తం ఎక్కించక ముందు తీశావా, ఎక్కించాక తీశావా?"

నాకు తెలియదు. ప్రోఫార్మాలో ఆ గడే లేదు. రాత్రి క్యాజువాలిటీలో రక్తం పెట్టేస్తారు, నేను పొద్దున వార్డుకొచ్చి శాంపిల్ తీస్తాను. పాత కేస్ షీట్లన్నీ మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో దుమ్ములో కూర్చుని తిరగేస్తే 40లో 11 మందికి ముందే రక్తమో ఐరన్ ఇంజెక్షనో పడింది. 11 మందినీ స్టడీలోంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్ళకి బదులు కొత్తగా 11 మందిని పట్టుకోవడానికి దాదాపు నెలన్నర. మేడమ్‌కి అది కనిపించడానికి పట్టింది రెండు నిమిషాలు.

కాబట్టి మొదటి పది ప్రోఫార్మాలు నిండగానే ఆపండి. గైడ్, కో-గైడ్, లెక్కల మనిషి, ముగ్గురికీ చూపించండి. ఏ గడి ఖాళీగా ఉంటోంది, ఏది ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తున్నారు, ఏ టెస్టుకి కిట్ అయిపోయి రిపోర్టు రావడం లేదు, అన్నీ ఆ పదిలోనే బయటపడతాయి. ఏదైనా మార్చాలంటే ఎథిక్స్ కమిటీకి సవరణ పంపి మార్చండి. ఎక్సెల్ సంగతి రెండు ముక్కల్లో: ఒక రోగికి ఒక వరస, ఒక గడిలో ఒక విషయం, రంగులు పూయొద్దు, గడులు కలపొద్దు, పేర్లు రాయొద్దు. పేర్లూ కోడ్ నంబర్లూ ఉన్న రిజిస్టర్ వేరేగా తాళంలో ఉండాలి.

ఎవరైనా "మిగతా ఇరవై మందిని నింపేసెయ్" అంటే, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, నింపొద్దు. "సార్, 92 మందితోనే ఇస్తాను, తక్కువయ్యారని రాస్తాను" అనండి. తక్కువ శాంపిల్‌తో థీసిస్ పాసవుతుంది, కారణం నిజాయితీగా రాస్తే ఎగ్జామినర్ తిట్టరు. ఒత్తిడి ఆగకపోతే కో-గైడ్‌తో, తర్వాత ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీతో మాట్లాడండి. ఇది ఒంటరిగా మోసే బరువు కాదు.

పేర్ల పంచాయితీ

పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ అన్నది పేపర్ రాశాక మాట్లాడితే గొడవ, మొదలుపెట్టేముందు మాట్లాడితే మామూలు సంగతి. అంతర్జాతీయ జర్నల్ ఎడిటర్ల కమిటీ పెట్టిన నాలుగు షరతులున్నాయి: పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉండాలి. "సార్, జర్నల్ వాళ్ళు ఎవరు ఏం చేశారో రాసిమ్మంటున్నారు, ఈ పట్టిక ఒకసారి చూస్తారా" అని అడిగితే మీరు ఎవరినీ తీసేయడం లేదు, జర్నల్ అడుగుతోంది. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ అధిపతి) పేరు అలవాటుగా చేర్చే చోట ఇది ఎప్పుడూ పనిచేస్తుందని చెప్పను. కానీ మీ మొదటి పేరు పోకుండా కాపాడుతుంది. డబ్బు కడితే మూడు రోజుల్లో వేసే జర్నల్స్‌కి మాత్రం పంపకండి, మీ 14 నెలల పని వాటిలో పడితే పూడ్చేసినట్టే.

గైడ్ బదిలీ అయితే

ప్రభుత్వ కాలేజీల్లో ఇది తుఫాను లాంటిది, వస్తుందని తెలుసు, ఎప్పుడో తెలియదు. జీవో వచ్చిన రోజే వెళ్ళి కలవండి. అప్పటిదాకా తేలినవన్నీ ఒక పేజీలో రాసి సంతకం తీసుకోండి, కొత్త గైడ్ పేరు హెచ్‌ఓడీ ద్వారా యూనివర్సిటీకి, ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా వెళ్ళాలి. పాత గైడ్ కో-గైడ్‌గా కొనసాగుతారేమో అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఇక్కడే మీరు పెట్టిన ఆ సాయంత్రం మెయిళ్ళు పనికొస్తాయి: కొత్త గైడ్‌కి అవన్నీ వరసగా పంపితే అరగంటలో మొత్తం కథ తెలిసిపోతుంది, మళ్ళీ "టాపిక్ మార్చేద్దాం" అనే ప్రమాదం తప్పుతుంది.

పీజీ అయ్యాక

థీసిస్‌తో ఆగకూడదనుకునే కొద్దిమందికి అసలు సమస్య సమయం. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే కే23 అవార్డు తీసుకుంటే సాధారణంగా కనీసం 75 శాతం పని గంటలు రీసెర్చ్‌కీ ట్రైనింగ్‌కీ ఇవ్వాలి, మూడు నుంచి ఐదేళ్ళు, మెంటర్ ఎవరో ఏం నేర్పుతారో దరఖాస్తులోనే రాయాలి. అక్కడ రెసిడెన్సీలో ఉన్న మనవాళ్ళు ఒకటి గమనించాలి, కే23కి పౌరసత్వమో గ్రీన్ కార్డో కావాలి. వీసా మీద ఉన్నవాళ్ళకి ఎన్ఐహెచ్ వారిదే ఇంకో అవార్డు, కే99 దారి ఉంది. ఇక్కడ దగ్గర్లో ఉన్నది 2008 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్న ఇండియా అలయన్స్. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి పెట్టిన ఈ సంస్థ క్లినికల్, పబ్లిక్ హెల్త్ రీసెర్చ్‌కి కూడా ఫెలోషిప్‌లు ఇస్తోంది. షరతులు మారుతుంటాయి, తాజా ప్రకటన చదివి మొదలుపెట్టండి. ఎంబీబీఎస్‌లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అయితే ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) ఉంది, రెండు నెలల చిన్న ప్రాజెక్టు, గైడ్‌తో పనిచేయడం రిహార్సల్ చేసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఫెలోషిప్ లేని అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 75 శాతం ఎవరూ ఇవ్వరు. నాకు దొరికింది వారానికి ఒక మధ్యాహ్నం. హెచ్‌ఓడీని అడిగేటప్పుడు "రీసెర్చ్‌కి టైమ్ కావాలి మేడమ్" అనలేదు, "బుధవారం రెండు నుంచి నాలుగు వరకు నా ఓపీ ఫలానా డాక్టర్ చూస్తారు, శుక్రవారం వాళ్ళది నేను చూస్తాను, ఇద్దరం ఒప్పుకున్నాం" అని రోస్టర్ కాగితం పెట్టాను. సంతకం పెట్టేశారు. ఆ బుధవారం మధ్యాహ్నమే ఇప్పుడు మా పీజీలు కూడా వస్తారు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, చేతిలో కాగితం లేకపోతే గుమ్మం బయటే.